వెబ్‌సైట్ పడిపోతే తిరిగి లేస్తుందా? రాత్రి రెండింటికి నడిచే స్క్రిప్టు, దానికి తెలియాల్సిన పాస్‌వర్డ్

2018 ఏప్రిల్ 6, శుక్రవారం. రక్షణ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్ తెరిచినవాళ్లకు రోజూ కనిపించే పేజీ కనిపించలేదు. చైనా లిపిలో ఉన్న ఒక అక్షరం మాత్రం కనిపించింది. ఇంకేముంది, చైనా హ్యాకర్ల పనేనని సోషల్ మీడియాలో గుప్పుమంది. సైట్ హ్యాక్ అయిందని, చర్యలు మొదలయ్యాయని అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ కూడా ట్వీట్ చేశారు. కాసేపటికే జాతీయ సైబర్ భద్రత సమన్వయకర్త గుల్షన్ రాయ్ అది హ్యాకింగ్ కాదన్నారు. ఎన్ఐసీలో డేటాను నిల్వ చేసే వ్యవస్థలో హార్డ్‌వేర్ పాడైందని, దానివల్ల పది దాకా ప్రభుత్వ సైట్లు ఆగిపోయాయని చెప్పారు.

మరి ఆ అక్షరం సంగతేంటి? ఆ సైట్ డ్రూపల్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. అందులో 'జెన్' అనే రెడీమేడ్ డిజైన్ ఒకటి ఉంది. దాని గుర్తే ఆ అక్షరం. మన 'ధ్యానం' అన్న మాటే చైనాకు వెళ్లి 'చాన్', అక్కడి నుంచి జపాన్‌కు వెళ్లి 'జెన్' అయింది. అంటే ఆ రోజు దేశమంతా భయపడి చూసింది ఒక డిజైన్ ప్యాకెట్ మీద ఉండే లోగోను.

ఒక వెబ్‌సైట్‌కు తన సొంత సరుకు అందకుండా పోతే ఇలాగే ఉంటుంది. తయారుచేసినవాడు ఇచ్చిన ఖాళీ డబ్బా మిగులుతుంది. దాన్ని మళ్లీ మన సైట్‌గా మార్చాలంటే బ్యాకప్ కావాలి. ఆ బ్యాకప్ తీసేది చాలాచోట్ల మనిషి కాదు, అందరూ నిద్రపోయాక తనంతట తానే నడిచే ఒక చిన్న స్క్రిప్టు. ఆ స్క్రిప్టుకు సైట్ డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ తెలియాలి. అవి దానికి ఎలా తెలుస్తున్నాయి అన్నదే ఈ కథనంలో అసలు ప్రశ్న. వినడానికి ఇది ఐటీ వాళ్ల గొడవలా అనిపిస్తుంది. కానీ మీరు ఆన్‌లైన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు, మీ అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు, మీ పిల్లల స్కూలు అడ్మిషన్ దరఖాస్తు ఒక దుర్దినం తర్వాత మిగులుతాయా లేదా అన్నది చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

సీఎంఎస్ అంటే ఏంటి? అందులో ఆ ఒక్క ఫైలుకు ఎందుకంత విలువ?

ప్రకటనలు పెట్టడం, టెండర్ నోటీసు ఎక్కించడం, ఫొటో మార్చడం లాంటి పనులకు ప్రతిసారీ ప్రోగ్రామర్‌ను పిలవక్కర్లేకుండా చేసేదే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా సీఎంఎస్. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ ఎక్కువగా వినిపించే పేర్లు. మూడూ ఉచితంగా దొరుకుతాయి. మూడూ పీహెచ్‌పీ భాషలో రాసినవే.

ఇలాంటి సైట్‌లో మూడు భాగాలు ఉంటాయి. ఒకటి సాఫ్ట్‌వేర్. అది పోయినా ఇంటర్నెట్ నుంచి మళ్లీ దించుకోవచ్చు. రెండోది డేటాబేస్. మీరు రాసినవి, మీరు నింపినవి అన్నీ ఉండేది అందులోనే. దాంతోపాటు ఎక్కించిన ఫొటోలు, పీడీఎఫ్‌లు ఉండే ఫోల్డర్ కూడా. మూడోది ఈ రెండింటినీ కలిపే కాన్ఫిగరేషన్ ఫైలు. ఏ సర్వర్‌లో ఏ డేటాబేస్ ఉంది, ఏ యూజర్ పేరుతో, ఏ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లాలి అన్నది అందులో మామూలు అక్షరాల్లో రాసి ఉంటుంది. ఇల్లంతా ఒక ఎత్తు, గుమ్మం పక్కన మేకుకు తగిలించిన తాళాల గుత్తి ఒక ఎత్తు అన్నమాట.

వర్డ్‌ప్రెస్‌లో ఈ ఫైలు పేరు డబ్ల్యూపీ-కాన్ఫిగ్. డేటాబేస్ వివరాలతో పాటు లాగిన్ కుకీలకు రక్షణగా వాడే రహస్య అక్షరమాలలు కూడా ఇందులోనే ఉంటాయి. జూమ్లాలో కాన్ఫిగరేషన్ అనే ఫైలు, డ్రూపల్‌లో సెట్టింగ్స్ అనే ఫైలు ఇదే పని చేస్తాయి. బ్రౌజర్‌లో ఆ ఫైలు చిరునామా కొట్టినా మీకు ఏమీ కనిపించదు. ఎందుకంటే పీహెచ్‌పీ ఫైలును సర్వర్ మీకు చూపించదు, తాను నడిపి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే పంపుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

అర్ధరాత్రి స్క్రిప్టు

లినక్స్ సర్వర్లలో క్రాన్ అనే అలారం ఉంటుంది. రోజూ రాత్రి రెండింటికి ఫలానా స్క్రిప్టు నడుపు అని ఒకసారి రాసిపెడితే ఏళ్ల తరబడి నడుపుతూనే ఉంటుంది. ఆ స్క్రిప్టు డేటాబేస్‌ను తెరిచి, అందులోని సమాచారాన్నంతా ఒక ఫైలుగా దింపి, కుదించి, తేదీ వేసి పక్కన పెడుతుంది. ఇందులో మౌస్, స్క్రీన్, బటన్ ఏవీ ఉండవు, అంతా ఆదేశాల రూపంలోనే జరుగుతుంది. దీన్నే కమాండ్ లైన్ అంటారు.

స్క్రిప్టు రాసే మనిషి మొదటి రోజు ఏం చేస్తాడు? కాన్ఫిగరేషన్ ఫైలు తెరుస్తాడు. పాస్‌వర్డ్ కాపీ చేస్తాడు. స్క్రిప్టులో పేస్ట్ చేస్తాడు. ఒకసారి నడిపి చూస్తాడు, పనిచేస్తుంది. ఇంటికి వెళ్లిపోతాడు. ఇక్కడ తప్పు చేసినట్టు ఎవరికీ అనిపించదు. నిజానికి ఆ క్షణం నుంచి ఒకే పాస్‌వర్డ్ రెండుచోట్ల ఉంది, ఆ రెండో చోటు సంగతి ఒక్కరికే తెలుసు.

ఒక పురపాలక సంఘం సైట్ అనుకుందాం. ఏడాది తర్వాత భద్రతా తనిఖీకి వచ్చినవాళ్లు పాస్‌వర్డ్ మార్చమన్నారు. మార్చారు. కాన్ఫిగరేషన్ ఫైలులో కొత్తది పెట్టారు. సైట్ చక్కగా తెరుచుకుంది, అందరూ సంతోషించారు. ఆ రాత్రి రెండింటికి స్క్రిప్టు లేచి, పాత పాస్‌వర్డ్‌తో తలుపు తట్టింది. తలుపు తెరుచుకోలేదు.

అక్కడ అలారం మోగాలి కదా? చాలాచోట్ల మోగదు. కారణం చాలా చిన్నది. డేటాను దింపే ప్రోగ్రామ్ ఒకటి, దాన్ని కుదించే ప్రోగ్రామ్ మరొకటి. రెండింటినీ గొట్టంలా కలిపి నడుపుతారు. మొదటిది విఫలమైతే రెండోదానికి ఏమీ అందదు. అది ఆ శూన్యాన్నే శ్రద్ధగా కుదించి 'పని పూర్తయింది' అంటుంది. విడిగా చెప్పకపోతే లినక్స్ షెల్ పట్టించుకునేది గొట్టం చివర ఉన్న ప్రోగ్రామ్ మాటనే. కాబట్టి స్క్రిప్టు దృష్టిలో అంతా బాగానే ఉంది. ఫోల్డర్‌లో ఆ రోజు తేదీతో ఒక ఫైలు కూడా పుడుతుంది. జీజిప్‌తో శూన్యాన్ని కుదిస్తే వచ్చే ఆ ఫైలు సైజు 20 బైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే 'సరే అండి' కంటే కొంచెం చిన్నది.

అలా నెలకు ముప్పై ఫైళ్లు చేరతాయి. అన్నింటికీ తేదీలు, పేర్లు సవ్యంగా ఉంటాయి. పాత అసలైన బ్యాకప్‌లను ముప్పై రోజులు దాటాక చెరిపేయమని అదే స్క్రిప్టులో రాసి ఉంటే, ఆ పని మాత్రం తప్పకుండా జరుగుతుంది. నెల తిరిగేసరికి ఖాళీ ఫైళ్లే మిగులుతాయి. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అతి ప్రమాదకరమైనది హ్యాకర్ కాదు, ఈ 20 బైట్ల ఫైలు.

పెద్ద కంపెనీలకూ తప్పలేదు

ఇది చిన్న ఆఫీసుల అజాగ్రత్త అనుకోవద్దు. 2017 జనవరి 31న, ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే ఉండాల్సినచోట ఏమీ లేదు. అక్కడ బ్యాకప్ స్క్రిప్టు తాను వాడాల్సిన డేటాబేస్ ప్రోగ్రామ్ వెర్షన్‌ను ఒక ఫైలు చూసి తెలుసుకునేది. స్క్రిప్టు నడిచే యంత్రంలో ఆ ఫైలే లేదు. దాంతో అది పాత 9.2 వెర్షన్‌ను ఎంచుకుంది. అసలు డేటాబేస్ 9.6. రెండింటికీ పొసగక ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైనట్టు ఈమెయిల్ వెళ్లేది, కానీ ఆ మెయిళ్లను కూడా అవతలి సర్వర్ తిప్పికొట్టింది. అదే ఇంజినీరు ఆరు గంటల ముందు వేరే పని కోసం యాదృచ్ఛికంగా తీసిపెట్టిన ఒక ప్రతి ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఈ వివరాలన్నీ గిట్‌ల్యాబ్ తానే బహిరంగంగా రాసి పెట్టింది. అంత నిజాయితీగా రాసినవాళ్లు తక్కువ.

గిట్‌ల్యాబ్ సీఎంఎస్ కాదు. కానీ రోగం ఒకటే. సెట్టింగ్‌ను స్క్రిప్టు తన సొంత దారిలో ఊహించుకుంది, ఆ ఊహ తప్పింది.

కాపీ వద్దంటే మరి ఎలా?

స్క్రిప్టు నడిచిన ప్రతిసారీ కాన్ఫిగరేషన్ ఫైలు దగ్గరికే వెళ్లి అప్పటి పాస్‌వర్డ్ తెచ్చుకోవాలి. మాట ఇంతే. చేయడంలోనే మెలికలున్నాయి.

ఎక్కువమంది ముందుగా చేసేది ఆ ఫైలును మామూలు టెక్స్ట్‌లా వెతకడం. 'పాస్‌వర్డ్' అన్న మాట ఉన్న లైను పట్టుకుని, కోట్స్ మధ్య ఉన్నదాన్ని కత్తిరించుకోవడం. ఒక సైట్‌లో పనిచేస్తుంది, పక్క సైట్‌లో పనిచేయదు. ఎందుకంటే అది టెక్స్ట్ కాదు, ప్రోగ్రామ్. పాత పాస్‌వర్డ్ లైనును ఎవరో చెరిపేయకుండా కామెంట్‌గా మార్చి ఉంచుతారు, వెతికే స్క్రిప్టు దాన్నే పట్టుకొస్తుంది. ఒకరు సింగిల్ కోట్స్ వాడతారు, ఇంకొకరు డబుల్. పాస్‌వర్డ్‌లోనే కోట్ గుర్తో, డాలర్ గుర్తో ఉంటే కత్తెర ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఈమధ్య క్లౌడ్‌లో నడిచే సైట్లలో అయితే ఫైలులో పాస్‌వర్డే ఉండదు, 'సర్వర్ ఎన్విరాన్‌మెంట్‌లో ఫలానా పేరుతో ఉంది, అక్కడ చూసుకో' అని ఉంటుంది. వర్డ్‌ప్రెస్ అయితే కాన్ఫిగ్ ఫైలును ఒక ఫోల్డర్ పైన పెట్టుకోవడానికి కూడా ఒప్పుకుంటుంది, కాబట్టి ఉండాల్సినచోట ఫైలే కనబడకపోవచ్చు.

సరే, ప్రోగ్రామే కదా, దాన్ని నడిపిస్తే సరిపోదా? జూమ్లాలో సరిపోతుంది. అక్కడ కాన్ఫిగరేషన్ ఫైలు అంటే పేర్లు, విలువలు ఉన్న ఒక క్లాస్ మాత్రమే. స్క్రిప్టు దాన్ని కలుపుకుని కావాల్సిన విలువ అడిగితే చెబుతుంది, వేరే హంగామా ఏమీ ఉండదు. వర్డ్‌ప్రెస్‌లో అలా కాదు. కాన్ఫిగ్ ఫైలు చివరి లైను డబ్ల్యూపీ-సెట్టింగ్స్ అనే ఇంకో ఫైలును పిలుస్తుంది, అది మొత్తం వర్డ్‌ప్రెస్‌ను, ప్లగిన్లతో సహా లేపుతుంది. పాస్‌వర్డ్ ఒక్కటి అడగడానికి వెళ్తే ఊరంతా నిద్ర లేచినట్టు. పైగా ఒక ప్లగిన్ పాడై సైట్ పడిపోయిన రోజున మీ స్క్రిప్టు కూడా అదే గోతిలో పడుతుంది. బ్యాకప్ మరీ అవసరమైన రోజు కూడా అదే.

అందుకే సీఎంఎస్‌ల చుట్టూ ఉన్నవాళ్లు దీనికి విడిగా పనిముట్లు చేశారు. వర్డ్‌ప్రెస్‌కు డబ్ల్యూపీ-సీఎల్‌ఐ, డ్రూపల్‌కు డ్రష్. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ చేసే పని తమాషాగా ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలును చదువుతుంది, ఊరిని లేపే ఆ చివరి లైనును తన ప్రతిలోంచి తీసేస్తుంది, మిగతాది మాత్రం నడిపి విలువలు తీసుకుంటుంది. ఒక్క ఆదేశంతో డేటాబేస్ పేరు అడగొచ్చు, ఇంకో ఆదేశంతో మొత్తం డేటాబేస్ ఎగుమతి చేయొచ్చు. ఈ రెండింటికీ ప్లగిన్లను లేపాల్సిన పనిలేదు, కాబట్టి సైట్ ముందువైపు తెల్ల పేజీ వస్తున్నా ఇవి పనిచేస్తాయి. డ్రష్ కూడా పాస్‌వర్డ్‌ను విడిగా అడగకుండా సెట్టింగ్స్ ఫైలు నుంచే తెచ్చుకుని డేటాబేస్‌ను దింపుతుంది. రేపు పాస్‌వర్డ్ మారితే స్క్రిప్టులో మార్చాల్సింది ఏమీ ఉండదు.

ఇవి ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఒకే డ్రూపల్ మీద నాలుగైదు సైట్లు నడపడం ప్రభుత్వ శాఖల్లో, యూనివర్సిటీల్లో మామూలే. ఏ సైట్‌కు ఏ సెట్టింగ్స్ వాడాలో డ్రూపల్ మీరు తెరిచిన వెబ్ చిరునామా చూసి నిర్ణయించుకుంటుంది. అర్ధరాత్రి స్క్రిప్టు నడిచేటప్పుడు బ్రౌజర్ లేదు, చిరునామా లేదు. ఏ సైట్ అని విడిగా చెప్పకపోతే 'డిఫాల్ట్' అనే ఫోల్డర్ చూసుకుంటుంది. స్క్రిప్టు ఐదు సైట్లకు బ్యాకప్ తీస్తున్నానని అనుకుంటూ ఒకే సైట్‌ను ఐదుసార్లు దింపవచ్చు. ఈసారి ఫైళ్లు 20 బైట్లు ఉండవు, నిండుగా ఉంటాయి. సైజు చూసి కనిపెట్టలేం.

పాస్‌వర్డ్ దారిలో ఎవరికి కనిపిస్తుంది?

సరైన చోటు నుంచి తెచ్చినా, తెచ్చేటప్పుడు చేజార్చుకోవచ్చు. పాస్‌వర్డ్‌ను ఆదేశంలోనే భాగంగా టైప్ చేస్తే ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూపే జాబితాలో అది అదే సర్వర్‌లోని ఇతర యూజర్లకు కనిపించే వీలుంది. టైప్ చేసిన ఆదేశాల చరిత్రలోనూ నిలిచిపోతుంది. మైఎస్‌క్యూఎల్ ఇలా చేస్తే ఇది సురక్షితం కాకపోవచ్చని హెచ్చరిస్తుంది కూడా. ఆ హెచ్చరిక లైను విసుగు పుట్టిస్తోందని దాన్ని కనిపించకుండా చేసే చిట్కాలు వెతికేవాళ్లే ఎక్కువ. సరైన పద్ధతి ఏంటంటే, యజమాని తప్ప ఎవరూ చదవలేని అనుమతులతో ఉన్న ఒక చిన్న ఫైలులో పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫైలు చూసుకోమని చెప్పడం.

రూట్, అంటే సర్వర్ మీద సర్వాధికారాలున్న ఖాతాతో ఈ స్క్రిప్టులు నడపడం ఇంకో అలవాటు. అలా నడిపితే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ ఆగిపోయి, నిజంగానే కావాలా అని అడుగుతుంది. ఎందుకంటే సైట్‌లోని ఏ ప్లగిన్‌లో దొంగ కోడ్ ఉన్నా దానికి అప్పుడు మొత్తం యంత్రం మీద పెత్తనం వస్తుంది.

ఇక మొదట గుర్తుంచుకోమన్న మాటకు వద్దాం. పీహెచ్‌పీ ఫైలును సర్వర్ చూపించదు, నడుపుతుంది. మరి ఎవరో కాన్ఫిగ్ ఫైలు మార్చేముందు జాగ్రత్త కోసం దానికి ఒక ప్రతి తీసి, పేరు చివర 'బ్యాక్' అనో 'ఓల్డ్' అనో తగిలించి అక్కడే వదిలేశారనుకోండి. సర్వర్ దృష్టిలో అది ఇప్పుడు పీహెచ్‌పీ కాదు, మామూలు ఫైలు. ఎవరు అడిగితే వాళ్లకు పాస్‌వర్డ్‌తో సహా ఇచ్చేస్తుంది. కొన్ని ఎడిటర్లు మనకు చెప్పకుండానే ఇలాంటి ప్రతులు చేస్తాయి. బ్యాకప్ ఫైలును కూడా సైట్ ఫోల్డర్‌లోనే పెడితే ఇక చెప్పక్కర్లేదు, మొత్తం డేటాబేస్ వీధిలో పెట్టినట్టే. ఇలాంటి పేర్లను వరసపెట్టి ప్రతి సైట్‌లో తట్టి చూసే బాట్లు రేయింబవళ్లు తిరుగుతుంటాయి. ఏ సైట్ సర్వర్ లాగ్ తెరిచినా వాటి జాడ కనిపిస్తుంది.

ఇది చదివి మీ నగరపాలక సంస్థ సైట్ మీద మీరే ప్రయత్నించి చూడకండి. అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్లడం, డేటా దించుకోవడం ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. అనుకోకుండా అలాంటిది కంటపడితే సెర్ట్-ఇన్‌కు చెప్పొచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800-11-4949. స్క్రీన్‌షాట్‌ను ఎక్స్‌లో పెట్టడం మాత్రం దొంగలకు దారి చూపించడమే.

డాష్‌బోర్డ్‌లో దాగిన సెట్టింగ్స్

ఇప్పటిదాకా చెప్పింది పాస్‌వర్డ్ ఫైలు గురించి. కానీ సైట్ సెట్టింగ్స్‌లో ఎక్కువభాగం ఆ ఫైలులో ఉండవు, డేటాబేస్‌లో ఉంటాయి. ఫిర్యాదు ఫారంలో ఏ గడులు ఉండాలి, అది ఏ అధికారి మెయిల్‌కు వెళ్లాలి, ఎవరికి ఏ అనుమతి ఉంది, ఎస్ఎంఎస్ పంపే కంపెనీ ఇచ్చిన కీ ఏంటి లాంటివన్నీ డాష్‌బోర్డ్‌లో ఎవరో క్లిక్ చేసి పెట్టినవి. ఎప్పుడు, ఎందుకు పెట్టారో రాత ఉండదు.

డ్రూపల్ 2015 నవంబరులో వచ్చిన 8వ వెర్షన్ నుంచి దీనికి ఒక దారి చూపింది. డ్రష్‌తో ఒక ఆదేశం ఇస్తే ఈ సెట్టింగ్స్ అన్నీ చదవగలిగే చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లుగా బయటికి వస్తాయి. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఫిర్యాదులు ఫలానా మంగళవారం నుంచి ఎందుకు ఆగిపోయాయో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. అయితే ఆ ఫైళ్లలో ఎస్ఎంఎస్ కీ, మెయిల్ సర్వర్ పాస్‌వర్డ్ కూడా బయటికి రావొచ్చు. చూసుకోకుండా వాటిని అందరికీ కనిపించే కోడ్ నిల్వలో పెట్టేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

వర్డ్‌ప్రెస్‌లో సైట్ చిరునామా కూడా డేటాబేస్‌లోనే ఉంటుంది. బ్యాకప్‌ను కొత్త చిరునామాలో నిలబెడితే, అది పడిపోయిన పాత చిరునామాకే మిమ్మల్ని పంపేస్తుంది. పాత పేరు తీసి కొత్త పేరు పెట్టేద్దామని డేటాబేస్‌లో ముతకగా మార్చేస్తే కొన్ని సెట్టింగ్స్ చెడిపోతాయి, ఎందుకంటే వాటిలో ప్రతి మాట పక్కన అది ఎన్ని బైట్లో కూడా రాసి ఉంటుంది. పేరు పొడవు మారితే లెక్క తప్పుతుంది. దీనికీ డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో విడిగా ఆదేశం ఉంది, అది లెక్క సరిచేస్తూ మారుస్తుంది.

కాంట్రాక్టు మారిన రోజు

జిల్లా వెబ్‌సైట్లు చాలావరకు ఇప్పుడు ఎన్ఐసీ నడిపే ఎస్‌3వాస్ వేదిక మీద ఉన్నాయి. అక్కడ ఈ పనులన్నీ కేంద్రీకృతంగా జరుగుతాయి. కానీ ట్రస్టులు, సొసైటీలు, కాలేజీలు, చిన్న సంస్థలు చాలావరకు ఏదో ఒక ఏజెన్సీకి ఇచ్చి సైట్ చేయించుకుంటాయి. అసలు ప్రమాదం సైట్ పడిపోయిన రోజు కాదు, ఆ ఏజెన్సీతో ఏడాది నిర్వహణ ఒప్పందం ముగిసిన రోజు. కొత్తవాళ్లకు లాగిన్ పేరు, పాస్‌వర్డ్ రాసిన ఒక కాగితం ఇస్తారు. అది డాష్‌బోర్డ్ లాగిన్. క్రాన్‌లో ఏం రాసి ఉంది, స్క్రిప్టు పాస్‌వర్డ్ ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది, బ్యాకప్ ఎవరి ఖాతాలోకి వెళ్తోంది అన్నవి ఆ కాగితంలో ఉండవు. పాత ఏజెన్సీ ఖాతాలోకి వెళ్తుంటే, వాళ్లు బిల్లు కట్టడం మానేసిన రోజు అదీ ఆగిపోతుంది. వెళ్లిపోయిన మనిషి స్క్రిప్టులో పాస్‌వర్డ్ పేస్ట్ చేసి ఉంటే, అది మార్చడానికి కొత్తవాళ్లకు భయం, ఏది ఎక్కడ తెగుతుందో తెలియదు కాబట్టి. అలా ఐదేళ్ల నాటి పాస్‌వర్డే, ఎందరి చేతుల్లో ఉందో తెలియకుండా, కొనసాగుతూ ఉంటుంది.

నిబంధనలు లేవని కాదు. సైట్ల భద్రతా తనిఖీ కోసం సెర్ట్-ఇన్ గుర్తించిన సంస్థలున్నాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గమనించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలుంది. కానీ లీకయితే ఏం చేయాలన్నదాని మీద ఉన్నంత శ్రద్ధ, పోతే తిరిగి వస్తుందా అన్నదాని మీద కనిపించదు.

మీరు ఏం అడగొచ్చు?

మీరు అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శో, స్కూలు కమిటీ సభ్యులో, ట్రస్టు చూసుకునేవాళ్లో అయితే ఏజెన్సీని 'బ్యాకప్ ఉందా' అని అడగకండి. ఉందనే చెబుతారు, వాళ్లు అబద్ధం చెప్పినట్టు కూడా కాదు, ఫోల్డర్‌లో ఫైళ్లు ఉన్నాయి కదా. దానికి బదులు నిన్నటి బ్యాకప్ ఫైలు సైజు ఎంత, నెల కిందటి దాని సైజు ఎంత అని అడగండి. పాస్‌వర్డ్ ఇవాళ మారిస్తే ఇంకా ఎక్కడెక్కడ మార్చాల్సి ఉంటుందని అడగండి. 'ఒక్క కాన్ఫిగ్ ఫైలులోనే' అన్నారంటే వాళ్లకు పని తెలుసు. 'చూసి చెబుతాం' అంటే ఆ చూసేదేదో వెంటనే చూడమనండి, ఒప్పందం పొడిగించే ముందే. బ్యాకప్ వెళ్లే ఖాతా మీ సంస్థ పేరు మీద, మీ సంస్థ మెయిల్‌తో ఉండాలని రాతలో పెట్టించుకోండి.

ప్రభుత్వ కార్యాలయం అయితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. పాస్‌వర్డ్‌లు, సర్వర్ వివరాలు అడిగితే భద్రత పేరు చెప్పి నిరాకరిస్తారు, నిరాకరించాలి కూడా. వెబ్‌సైట్ నిర్వహణ ఒప్పందం ప్రతి, చివరి భద్రతా తనిఖీ జరిగిన తేదీ, బ్యాకప్ నుంచి సైట్‌ను తిరిగి నిలబెట్టి చివరిసారి ఎప్పుడు పరీక్షించారు లాంటివి అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మూడో ప్రశ్నకు 'అలాంటి సమాచారం ఈ కార్యాలయంలో లేదు' అని వస్తే, అదే జవాబు.

ఇక మీ వంతుగా, ఏ సైట్‌లో దరఖాస్తు నింపినా చివర వచ్చే రసీదును ఫోన్‌లో పీడీఎఫ్‌గా దించుకోండి. 'తర్వాత లాగిన్ అయి చూసుకోవచ్చు' అని ఆ పేజీ మీదే రాసి ఉన్నా సరే.